రేకుల మేడమ్ గారి చివరి లోడు

1991 జూన్ 17న మా పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయినిగా చేరిన మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పిల్లలు పెట్టిన 'రేకుల మేడమ్' అన్న పేరుకు ఆమె ఏనాడూ కోపగించుకోలేదు. కొంత గర్వపడ్డారు కూడా.

చేరిన కొత్తలోనే సైకిల్ షెడ్డులో ఒక మూల అడిగి తీసుకుని, పిల్లలు భోజనం తర్వాత పారేసే అల్యూమినియం రేకులు, కూల్‌డ్రింకు డబ్బాలు, సొట్టపోయిన గిన్నెలు పోగుచేయించారు. ఖనిజం నుంచి కొత్త లోహం తీయడానికి పట్టే కరెంటులో ఇరవయ్యో వంతుతో పాతదాన్ని కరిగించవచ్చనీ, ఎన్నిసార్లు కరిగించినా అది మళ్లీ పనికొస్తుందనీ ప్రతి తరగతికీ బోధించారు. పలుచని రేకు విడిగా కొలిమిలో పడితే చాలావరకు కాలిపోతుంది గనుక, దాన్ని పిడికిట్లో నొక్కి ముద్ద చేయాలనేది ఆమె నియమం. ముద్ద వదులుగా ఉంటే, "తిన్నదంతా ఏమైంది నాయనా? ఇంకాస్త నొక్కు" అని వెనక్కిచ్చేవారు.

ఉప ప్రధానోపాధ్యాయిని అయ్యాక కూడా ఆమె చేతిసంచీలో అయస్కాంతం ఉండేది. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం, ఇక దాని సొంతదారు ఆ వస్తువు మీద ఆశ వదులుకోవలసిందే.

నిరుడు నా భార్య కన్నుమూశాక, ఆమె పాలు కాచే అల్యూమినియం గిన్నెను ఇంట్లో చూడలేక షెడ్డుకు తెచ్చాను. మేడమ్ గారు దాన్ని కుప్పలో వేయకుండా పై అరలో పెట్టారు.

"తొందరేముంది మాస్టారూ, పాడైపోయే వస్తువు కాదుగా" అన్నారు.

వచ్చే నెల నుంచి ఆ షెడ్డులో కార్లు నిలుపుతారు. చెత్తంతా కలిపి ఒకే లారీలో ఊరవతలి గుంటకు పోతుంది. మేమంతా యాజమాన్యానికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాం, జవాబు రాలేదు. ఆమె ఆశయం కొనసాగుతుందని ఇలాంటి వ్యాసాల్లో రాయడం మర్యాద. నేను రాయలేకపోతున్నాను.

మొన్న చివరి లోడు కొలిమికి వెళ్లే బండికెక్కుతుండగా ఆమె ఆ గిన్నెను నా చేతికిచ్చారు.

"ఇంటికి తీసుకెళ్తారా మాస్టారూ?"

"వద్దండీ. వెళ్లేవాటితో వెళ్లనివ్వండి."

"ఆలోచించుకోండి. కరిగాక మీదేదో నేను కూడా చెప్పలేను."

"ఇప్పుడు పోనివ్వకపోతే, నా తర్వాత అది గుంటలోకే పోతుంది కదండీ."

ఆమె నా చేతిలోంచి గిన్నెను తీసుకున్నారు. దాన్ని చేత్తో తుడిచి, తానే బండిలో పెట్టారు.

అది ఎక్కడో కరిగి మరొకటి అవుతుంది. మనుషులకు ఆ వీలు లేదు. అందుకే మేడమ్ గారికి ఉన్న ఈ ఒక్క ఆయుష్షూ, తమవారి మధ్య, ఆరోగ్యంగా, చాలాకాలం సాగాలని కోరుకుంటున్నాను.