ఇంకొక్క సీజను

కువైట్‌లోని సబా అల్ సలేంలో ఒక సీనియర్ బాస్కెట్‌బాల్ ఆటగాడి ఇల్లు. ఆయన్ని తీసుకొచ్చి దింపిన కోనసీమ డ్రైవరు వంటగదిలో కూలబడ్డాడు. వంటచేసే కడప ఆమె టీ అందించింది.

"సారును ఏ క్లబ్బోళ్లన్నా తీసుకున్యారా అన్నా?"

"పాత క్లబ్బు ఖలాస్ అనేసింది కదమ్మా. ఇయ్యాల షర్క్‌లో ఇంకో క్లబ్బోళ్లని కలిశారు. మోకాలి దెబ్బ చూసి, ఆడ్డానికి వద్దు, కుర్రాళ్లకి ఆట నేర్పమన్నారంట."

"మంచిదే గదా! సారుకు పని దొరక్కపోతే మనిద్దర్నీ ఊరికి పంపిస్తానంటాంది మేడం. ఒప్పుకున్యాడా?"

"రేపు చెబుతానన్నారంట. ఇంకొక్క సీజనైనా ఆడాలని ఆయన ఆశ. ఏం చెయ్యమంటావని కారులో నన్నడిగారు."

"ఒప్పుకోమని చెప్పినావు గదా?"

"అదే చెబుదామనుకున్నానమ్మా. అద్దంలో ఆయన మొహం చూసేసరికి నోరు రాలేదు."

"మరేం చెప్తివి?"

"ఆడండి సార్ అనేసేను."