వంతెన దగ్గరికి నాలుగో రోజున పోయాం

"మస్తాన్ తాతా, దేశాలన్నీ కలిసి పనిచేయటం మీద మా కాలేజీలో మాట్లాడాలి నేను. నువ్వు మిలట్రీలో ఉన్నప్పుడు అట్టాంటి పని మీదే వేరే దేశం పోయావంట గదా. ఫోన్లో రికార్డు చేసుకుంటా, చెప్పవా?"

పోయా తల్లీ. ఎవరు చెప్పారు నీకు, మీ నాయనేనా? వాడికి లారీ పని నేర్పేటప్పుడు చెప్పినట్టున్నా. వాడికీ సగమే చెప్పాన్లే. మీ నానమ్మా వాళ్లకి, మా ఇంట్లోవాళ్లకి, అందరికీ సగమే. ఆ ఫ్యాను కట్టెయ్ ముందు, లేకపోతే నీ ఫోన్లో అదొక్కటే వినబడుద్ది.

మా అబ్బాకి ఇక్కడ పిడుగురాళ్లలోనే షెడ్డు ఉండేది. సున్నం బట్టీల లారీలన్నీ మా కాడికే వచ్చేయి. అప్పుడు టీ పావలా... కాదు, పావలా మా అబ్బా కాలంలో, నేను రెంచి పట్టేనాటికి అర్ధరూపాయి. సరే, అదెందుకులే ఇప్పుడు. ఆ పని చేతిలో ఉండబట్టే మిలట్రీలో నన్ను మెకానిక్‌గా తీసుకున్నారు. పదేళ్లు సర్వీసయ్యాక మా యూనిట్‌ని ఆఫ్రికా పంపారు. ఆ దేశంలో వాళ్లల్లో వాళ్లే కొట్టుకు చస్తన్నారు. దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుని, తలా ఇంతమంది సిపాయిల్ని ఇద్దాం, పోయి మధ్యలో నిలబడదాం అనుకున్నాయి. అదీ సంగతి. మా తుపాకులు మాయే, మా బట్టలు మాయే, టోపీ ఒక్కటే అందరికీ నీలం. బండ్లన్నిటికీ తెల్లరంగు.

మా క్యాంపులో మూడు దేశాలోళ్లం ఉండేవాళ్లం. వర్క్‌షాప్ మాత్రం ఒకటే. బంగ్లాదేశ్ నుంచి గఫూర్ అని ఒకడు, నా ఈడువాడే, చానా మంచోడు. వాళ్ల బండికి బ్రేకు పైపు పోతే మా పాత బండిదే ఊడదీసి ఇచ్చా నేను. మా జీపుకి బేరింగు లేకపోతే ఆ మూడో దేశపోళ్ల స్టోర్లో అడిగి తెచ్చాడు వాడు. ఎవురి పర్మిషనూ అడగలా. ఒకే చాప మీద నమాజు చేసుకునేవాళ్లం, ఒకే గిన్నెలో తినేవాళ్లం. నాకు అప్పుడు ఎంత గర్వమో తెలుసా. దునియా అంతా ఒక షెడ్డు కిందికి వచ్చిందనుకున్నా.

క్యాంపు గేటు కాడికి మరియమ్ అని ఒకామె వచ్చేది, కాల్చిన మొక్కజొన్న కంకులు అమ్ముకోటానికి. మన దాచేపల్లి రోడ్డు మీద అమ్ముతారు చూడు, అచ్చం అట్టాగే, బొగ్గుల మీద. వాళ్ల ఊరు వంతెన అవతల, ఒక ఏడెనిమిది మైళ్లుంటది. మొగుడు, కాలు సరిగా లేని మామ, ఇద్దరు ఆడపిల్లలు. ఆమెకి నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు, నాకు ఐదు. వాటితోనే మాట్లాడుకునేవాళ్లం. నాకూ అప్పటికి ఇద్దరు ఆడపిల్లలేగా. రోజూ అడిగేవాణ్ణి, నీ పిల్లలు బాగున్నారా అని. ఆమె కూడా అడిగేది.

ఒకరోజు ఆ ఊరి పెద్దాయన, ఇంకో నలుగురు వచ్చారు మా కెప్టెన్ దగ్గరికి. అవతలి గుంపు కొండ దిగి వస్తంది, పక్క ఊరు తగలబెట్టేశారు, వంతెన దాటి వచ్చి మా ఊరి ముందర మీ బండ్లు రెండు నిలబెట్టండి చాలు, మమ్మల్ని ఏం చేయరు అన్నారు. అది నిజమే తల్లీ. తెల్లబండి కనబడితే వాళ్లు ఆగేవాళ్లు. మేం కాల్చే పని కూడా ఉండేది కాదు.

మా కెప్టెన్ మంచోడు, కుర్రోడు. వెంటనే బండ్లు రెడీ చేయమన్నాడు నన్ను. గంటలో చేశా. ఐతే ఆ వంతెన మాకు అప్పజెప్పిన హద్దులో లేదు, మూడో దేశపోళ్ల హద్దులో ఉంది. వాళ్ల ఆఫీసర్ని అడిగితే, మావాళ్లని వంతెన దాటించాలంటే మా రాజధాని నుంచి మాట రావాలి అన్నాడు. పోనీ మేం పోతాం అంటే, మాకు ఈ దేశాలన్నిటికీ కలిపి ఉన్న పెద్దాఫీసు నుంచి కాయితం రావాలంట. పెద్దాఫీసోళ్లేమో, దానికి అన్ని దేశాలూ ఒప్పుకోవాలి, కూర్చుని మాట్లాడతన్నాం, ఆగండి అన్నారు. ఎవరూ పోవద్దనలేదు, గుర్తుపెట్టుకో. అందరూ పోవాలనే అన్నారు. ఎవరు పోవాలన్నదే తేలలా.

ఆ సాయంత్రం మరియమ్ వచ్చింది. కంకులు తేలా. వాళ్ల ఊరెనక ఇంకో ఏరుందంట, దాని అవతల వాళ్లక్క ఊరంట, పడవ మాట్లాడుకున్నారంట, మామని మోసుకుని పొద్దున్నే పోదామనుకుంటన్నారంట. నన్ను అడిగింది. నన్నే అడిగింది, ఇంకెవర్నీ కాదు.

"మీరు వస్తారా? రాకపోతే మేం వెళ్లిపోతాం" అంది.

నా వెనక రెండు బండ్లు డీజిల్ కొట్టి, టైర్లు చూసి, రెడీగా ఉన్నయ్. ఇన్ని దేశాలం ఉన్నాం ఈడ, ముసలాయన్ని ఏట్లో యాడ మోసుకుపోతావ్ అనుకున్నా. నా మనసులో అబద్ధం లేదు తల్లీ, నిజంగా వస్తామనే అనుకున్నా.

"పోమాకండి. రేపు వస్తన్నాం" అని చెప్పా.

ఆమె నా మొహం చూసింది. సరే అని తలూపి పోయింది.

మర్నాడు కాయితం రాలా. ఆ మర్నాడూ రాలా. మా కెప్టెన్ వైర్‌లెస్ కాడే కూర్చున్నాడు, అన్నం గూడా ఆడికే తెప్పించుకున్నాడు. నేను పొద్దునా మాపూ బండ్లు స్టార్ట్ చేసి చూసేవాణ్ణి, ఏదన్నా తేడా వస్తదేమోనని. ఇంజన్లు బాగానే ఉన్నయ్. మూడో రోజు మధ్యాహ్నం వంతెన అవతల పొగ లేచింది. క్యాంపులో అందరం చూశాం. గఫూర్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగో రోజు పొద్దున కాయితం వచ్చింది. అన్ని దేశాలూ ఒప్పుకున్నయ్.

పోయాం. ఊళ్లో గోడలే ఉన్నయ్. మగాళ్లని వరసగా... అదొద్దులే తల్లీ. అది నీకెందుకు. మరియమ్ మొగుణ్ణి నేను గుర్తుపట్టా, ఒకసారి ఆమెతో గేటు కాడికి వచ్చాడు. మామ గుమ్మం కాడే ఉన్నాడు. ఆమె, పిల్లలు కనబళ్లా. మేమే గుంటలు తీసి పూడ్చిపెట్టాం. ఆ పనిలో మాత్రం మూడు దేశాలోళ్లం కలిసే చేశాం, ఎవురూ ఎవుర్నీ అడగలా.

ఆ తర్వాత ఐదారు రోజులకనుకుంటా, నేను లారీ కింద గేరుబాక్సు దించుతన్నా. గేటు కాడ నుంచి "మస్తాన్, మస్తాన్" అని వినబడింది. ఆమె గొంతే. బతికుంది. తల తిప్పి చూస్తే టైరు పక్కన నుంచి ఆమె పాదాలు కనబడతన్నయ్ కంచె అవతల. నేను లేవలేకపోయా. ఏం మొహం పెట్టుకుని పోను? తిడితే పడేవాణ్ణే, కొట్టినా పడేవాణ్ణే. ఎందుకు చెప్పావ్ ఆ మాట అని అడుగుతదేమో, దానికి నా దగ్గర ఏముంది? అట్టాగే ఆ నూనె మట్టిలో పడుకున్నా. చానాసేపు పిలిచింది. గఫూర్ నా వంక చూశాడు, నేను తల అడ్డంగా ఊపా. వాడు పోయి, మస్తాన్ డ్యూటీ మీద పోయాడని చెప్పాడు.

ఆమె వెళ్లిపోయింది. దూరంగా కాందిశీకుల క్యాంపుకి పోయే లారీ ఎక్కిందంట. మళ్లీ చూళ్లా.

నేను బయటికొచ్చాక గఫూర్ నా పక్కన కూర్చున్నాడు. ఏమంది, నన్ను తిట్టిందా అని అడిగా.

"లేదు. తన పిల్లలిద్దరూ బతికే ఉన్నారని నీకు చెప్పమంది. మొక్కజొన్న చేలో దాక్కున్నారంట. నువ్వు కంగారు పడతా ఉంటావని చెప్పటానికొచ్చింది" అన్నాడు.

... ఆ. నీళ్లు వద్దులే. బానే ఉన్నా.

అక్కణ్ణించి ఇంటికొచ్చాక పతకం ఇచ్చారు, అందరికీ ఇచ్చారు. మీ కాలేజీలో దేశాలు కలవటం దండగని మాత్రం చెప్పబాకమ్మా, నేను ఆ మాట అనను. ఆమె ఎక్కిన లారీ, ఆ కాందిశీకుల క్యాంపులో బియ్యం, మందులు, అవన్నీ దేశాలు కలిసి పంపినయ్యే, ఆ పిల్లలు బతికింది వాటితోనే గదా. కలవబట్టే ఆ మాత్రమైనా మిగిలారు. కాకపోతే... ఎట్టా చెప్పాలి, ఆ కుర్చీల్లో కూర్చున్నోళ్లకి వారం అంటే ఒక వారమే. వంతెన కాడ ఉన్నోళ్లకి ఒక్కో పూట ఒక జన్మ. అది వాళ్లకి ఎవరు చెప్పాలో నాకు తెలవదు. నాకు చెప్పే అవకాశం లేదు. నేను చెప్పగలిగిందల్లా ఆమెకి ఒక్కమాట, "నాకు తెలవదమ్మా, వెళ్లిపో" అని. అది చెప్పలా. తర్వాత సారీ చెప్పాల్సింది, అదీ చెప్పలా. ఆ పిల్లలకిప్పుడు పిల్లలుంటారు, ఉంటారా, ఏమో...

అల్లా నిన్ను చల్లగా చూడాలి తల్లీ. పెద్ద పెద్ద సభల్లో మాట్లాడు. ఎవరన్నా నిన్ను నమ్ముకుని అడిగితే, తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియదని చెప్పు. పిలిస్తే పలుకు. ఎంత సిగ్గుగా ఉన్నా సరే, లేచి పలుకు... ఇంక ఆ రికార్డు ఆపెయ్యమ్మా.