ఒక్క డబ్బా మాత్రలు

సానొక్ ఊళ్ళో మందుల దుకాణం నడిపే బోగ్నాకి, నాన్నతో కలిసి ఉంటున్న తమ్ముడు జెనెక్ నుంచి పొద్దుటినుంచి ఇది ఐదో ఫోను. కరోనా ముదిరిన ఆ చలికాలంలో అమాంటడిన్ మాత్రలు అడగనివాడు ఊళ్ళో లేడు. జవాబు చెప్పీ చెప్పీ ఆమెకి విసుగొచ్చేసింది.

“లేవన్నానా? మళ్ళీ అదే అడుగుతావేంరా?”

“ఒక్క డబ్బా అక్కా. ఒక్కటి.”

“జెనెక్, అమాంటడిన్ అనేది వణుకుజబ్బు మందు. నాన్న వేసుకునేదే. కరోనాకి పనిచేస్తుందని ఎవరూ తేల్చలేదు. పరీక్షలు చేస్తున్నారు, తేలేదాకా ఆగండర్రా అంటే ఒక్కడూ వినడు.”

“అది తేలేసరికి మనం ఉండొద్దూ? పక్కింటి మిరెక్ ఒళ్ళు వెచ్చబడగానే మొదలెట్టాడు. మూడో రోజుకి లేచి వాకిట్లో మంచు ఎత్తిపోశాడు.”

“మిరెక్ ఉత్త కోడిపులుసు తాగినా లేచేవాడే.”

“నీకన్నీ వెటకారమే.”

“వెటకారం కాదు, కడుపుమంట. నిన్న ఒకావిడ కౌంటర్ మీద చెయ్యేసి కొట్టి మరీ తిట్టింది. ముందే మొదలెడితే ఆవిడ మొగుడు గట్టెక్కుతాడట, నేనే అడ్డుపడి చంపుతున్నానట. పనిచెయ్యదని నాకు మాత్రం తెలుసా? తెలీదు. తెలీనిదాన్ని ఎలా ఇవ్వనురా?”

“అదంతా సరే. ఉందా, లేదా?”

“నీకు జ్వరం వచ్చి ఎన్నాళ్ళయింది?”

“తొమ్మిది రోజులు. తగ్గిపోయిందిలే.”

“తగ్గిందా? ఆ మందుని నమ్మేవాళ్ళు కూడా మొదటి రెండ్రోజుల్లోనే మొదలెట్టాలంటారు. ఇప్పుడు నీకెందుకు?”

“ఉంటే మంచిదని.”

“ఊపిరి బాగా ఆడుతోందా?”

“ఆడుతోంది, ఆడుతోంది.”

“నాన్నకివ్వు ఫోను.”

“పడుకున్నాడు.”

“మిట్టమధ్యాహ్నమా?”

“అక్కా, నాన్న పేరున నెలనెలా ఒక డబ్బా పక్కన పెడతావు కదా. అదివ్వు.”

“సిగ్గులేదట్రా? ఆయన మందు మీద పడ్డావా? అయినా అదీ లేదు. నాన్నకి ఇంకా నెలకి సరిపడా ఉన్నాయని మొన్న నువ్వేగా చెప్పావు? అందుకే నిన్న లెషెక్ మాస్టారికి ఇచ్చేశాను. ఆయనదీ నాన్న జబ్బే. మాత్రల్లేక చెంచా ఎత్తలేకపోతున్నాడని వాళ్ళావిడ ఏడ్చింది.”

“ఇచ్చేశావా?”

“ఇచ్చేశాను. ఏం?”

“పొద్దున పోలీసులొచ్చారు. క్వారంటైన్ కదా. రోజూలాగే ఇద్దర్నీ కిటికీ దగ్గరికొచ్చి కనబడమన్నారు.”

“అయితే?”

“నేనొక్కణ్ణే వెళ్ళానక్కా. నాన్న లేవలేకపోయాడు. జ్వరం వచ్చిన రోజు నుంచీ ఆయన మాత్రలన్నీ నేనే మింగేశాను.”