మైకు అక్క సొంత పని

బస్సు తప్పిపోయిందా? తప్పక ఏం చేస్తుందే అమ్మలూ, ఇప్పుడు బస్టాండులో మాట్లాడేది మనిషా? ముందే రికార్డు చేసి పెట్టుకున్న గొంతు. దానికి జలుబు చేయదు, దగ్గు రాదు. బస్సు పేరు సగంలో ఆపి, "ఏవయ్యా అరటిపళ్ళాయనా, ఆ తొక్కలు అక్కడ పడేస్తే జారిపడేది నీ బేరాలే" అని తిట్టదు. వినబుద్ధి ఎలా అవుతుంది చెప్పు. మా మైకు అక్క ఉన్న రోజుల్లో అయితే బస్సు తప్పడమనేదే లేదు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. నేను కంట్రోలర్ని కదా, ఏ బస్సు ఎప్పుడొచ్చిందీ ఎప్పుడెళ్ళిందీ రాసుకునేవాణ్ణి. ఆవిడ నా పక్క కుర్చీలో కూచుని మైకులో చెప్పేది. పదహారేళ్ళు ఒకే గది. గది అంటే గదీ కాదు, అగ్గిపెట్టె. ఒకళ్ళు లేవాలంటే రెండోవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. ముందు ఎంక్వైరీ కిటికీ, వెనక తిరగని ఫ్యాను. ఆ ఫ్యాను గురించి ఒక కథ ఉంది, అది ఇంకోసారి చెప్తా.

గొంతంటే ఏం గొంతనుకున్నావ్! మైకు లేకుండా తుమ్మితే మూడో ప్లాట్‌ఫారం మీద పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. మొదట్లో ప్యాంటూ చొక్కాలో వచ్చేది. మగాడనే అనుకున్నాం అందరం, మాకేం తెలుసు. నాలుగేళ్ళయ్యాక ఒక సోమవారం పొద్దున ఆరుంపావుకి, నాకు మొహాలు గుర్తుండవు గానీ టైములు మర్చిపోను, ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి కుర్చీలో కూచుంది. నేను చూశాను. నేను చూడ్డం ఆవిడ చూసింది. "ఆరూ ఇరవై బస్సు వచ్చిందా అన్నయ్యా?" అంది. "ఇంకా లేదు" అన్నాను. అంతే. అంతకంటే ఏమనాలో అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మాటల్లో. వచ్చాడు అనాలా, వచ్చింది అనాలా? నోరు జారితే ఏమవుతుందోనని అందరూ "వచ్చారు, వెళ్ళారు, తిన్నారు" మొదలెట్టారు. మా మేనేజర్‌ని వెనకాల "వాడొచ్చాడ్రా" అనే కండక్టర్లు కూడా ఆవిణ్ణి "మైకుగారు వచ్చేశారా" అనేవాళ్ళు. ఊరికే వచ్చిపడింది గౌరవం! ఒక వారం ఓపిక పట్టి, ఒకరోజు టీ దగ్గర అందర్నీ నిలబెట్టి కడిగేసింది. "రోజుకి రెండొందల సార్లు బస్సు వచ్చింది, బస్సు వచ్చింది అని అరుస్తాను. టైరు ఊడిన డొక్కు బస్సుని వచ్చింది అంటారు. నన్ను అనడానికి మీకు నోరు రాదా? నాకీ గారూ గీరూ వద్దు, వచ్చింది అనండి చాలు" అంది. మొదట అన్నది మా ఊడ్చే ఆవిడే. మర్నాడు పొద్దున చీపురు పైకెత్తి, "అదుగో, మైకు అక్కొచ్చింది" అంది. అప్పట్నుంచి అదే పేరు.

ఏదీ, ఎక్కడున్నాను? ఆ, ఆవిడ ఆపరేషను సంగతి చెప్పాలి. అప్పటికి ఆవిడకి నలభై దాటాయి. మందులవీ ఎప్పట్నుంచో వాడుతోంది. ఒకరోజు సిటీలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి ఒక కాగితం తెచ్చుకుంది. అందులో రెండు రాసున్నాయి. ఒకటి గొంతుకి. రెండోది... కిందది. నువ్వు నవ్వకు, నేను అలాగే అంటాను, నా వయసుకి ఆ మాత్రం దాపరికం ఉండాలి. డాక్టరు ఏమన్నాడట, "రెండూ చేయించుకోవచ్చు, ఒకటే చేయించుకోవచ్చు, ఏదీ చేయించుకోకపోయినా మీరు మీరే. తొందరేం లేదు, ఆలోచించుకోండి" అన్నాడట. అదే వచ్చింది చావు. ఫలానాది చెయ్యి అంటే చేసేవాళ్ళం. ఆలోచించుకో అంటే ఎలాగే? కాగితం మైకు కింద పెట్టుకుని రోజూ చూసేది. ఒక బస్సు చెప్పడం, ఒకసారి కాగితం చూడ్డం.

ఇక ఆ రోజు జరిగింది చెప్తా విను. మధ్యాహ్నం భోజనం వేళ. నేను నా స్టీలు డబ్బా బల్ల మీద పెట్టాను. పెట్టింది మైకు స్విచ్చి మీద. నాకు తెలిసి కాదు, ఒట్టు. అప్పుడు మొదలెట్టింది ఆవిడ. "అన్నయ్యా, కిందది తీసేయించాలనే ఉంది" అంది. బస్టాండంతా వినబడింది. ఐదో ప్లాట్‌ఫారం కండక్టరు ఏమనుకున్నాడు? వాడి బస్సు అడుగున మూటలు వేశాడు. ఆవిడ మాటంటే వాడికి ఆర్డరు. "కిందది తీసెయ్యండ్రా" అని కూలీల చేత మూటలు దింపించడం మొదలెట్టాడు. ఇక్కడ నేనేమో, "తీసేస్తే మళ్ళీ పెట్టడం కుదరదు, బాగా ఆలోచించుకో" అన్నాను. వాడు ఆగిపోయాడు. "పెట్టండ్రా పెట్టండ్రా" అన్నాడు. ఆవిడేమో, "తీసెయ్యడం కాదయ్యా, ఉన్నదాన్నే మలిచి కుడతారట" అంది. ఇప్పుడు కూలీలు తలలు పట్టుకున్నారు. మూటల్ని ఎక్కడ కుట్టాలి? ఆ తర్వాత ఆవిడ ఇంకా వివరంగా చెప్పింది, డాక్టరు చెప్పినదంతా, ఎక్కడ కోస్తారో, ఎన్ని రోజులు పడుకోవాలో. బస్టాండులో చిన్న చప్పుడు లేదు. టీ గ్లాసులు కూడా కదల్లేదు. నాకు అనుమానం వచ్చి కిటికీలోంచి చూస్తే మూడొందల మంది మా వైపే చూస్తున్నారు. డబ్బా ఎత్తాను. టక్ మంది.

మరి ఆ రోజుతో ఎంక్వైరీ కిటికీకి పని తిరగబడిపోయింది. మామూలుగా జనం వచ్చి అడుగుతారు, మేం చెప్తాం. ఇప్పుడు జనం వచ్చి చెప్తున్నారు, మేం వింటున్నాం! క్యూ కట్టి మరీ. ఆపరేషనంటే చాలు, ప్రతివాడికీ తన ఆపరేషను గుర్తొస్తుంది. ఒకాయన చొక్కా ఎత్తి అపెండిసైటిస్ కుట్లు కిటికీ చువ్వలకి ఆనించి చూపించాడు. ఇంకొకావిడ తన కంటి శుక్లం గురించి అరగంట చెప్పి, ఎక్కాల్సిన బస్సు వదిలేసుకుంది. ఆ మాటకొస్తే గొంతు సంగతిలోనే అందరికీ పట్టింపు. మా సడన్ బ్రేకు ఉండేవాడు, డ్రైవరు, వాడి బండి ఆపితే ముందు సీటువాళ్ళ ముక్కులు చదునైపోయేవి. వాడొచ్చి, "అక్కా, నీ గొంతు వింటే తప్ప నాకు కునుకు వదలదు. దాన్ని సన్నం చేయించావంటే నేను స్టీరింగు మీదే నిద్రపోతా, పాపం నీకే తగులుతుంది" అన్నాడు. ఒక చెవిటి ముసలావిడ, "ఈ చెవుల్లో పడేది నీ ఒక్కదాని మాటే తల్లీ" అంది. మేనేజరేమో, "గొంతు చేయించుకుంటేనే మంచిదమ్మా, ఫోన్లో అందరూ సార్ సార్ అంటున్నారు, డిపార్టుమెంటుకి ఇబ్బందిగా ఉంది" అన్నాడు. ఆ సార్ అన్నప్పుడల్లా ఇబ్బంది పడింది ఆవిడ గానీ డిపార్టుమెంటు కాదు. ఆ మాట అనడానికి నాకు ధైర్యం లేకపోయింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆవిడకో స్నేహితురాలుండేది, ఇస్త్రీ దుకాణం ఆవిడ. తను కూడా మైకు అక్కలాంటిదే, చీర కట్టి పాతికేళ్ళయింది, ఏ ఆపరేషనూ లేదు. సలహా అడుగుదామని మైకు అక్క వెళ్తే నన్నూ తీసికెళ్ళింది, తోడుకి. ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపకుండానే, "నాకు అక్కర్లేదమ్మా, నేను ఇలాగే ఆడదాన్ని, ఇలాగే హాయిగా ఉన్నాను. నా గుడ్డకి ముడతల్లేవు. నీ గుడ్డకుంటే నువ్వు చేయించుకో. నన్ను చూసి మానెయ్యకు, ఎవరో అన్నారని చేయించుకోకు" అంది. అని నా వైపు తిరిగి, "ఈయనెవరు, ఇంత నలిగిన చొక్కా వేసుకున్నాడు?" అంది. విప్పించి ఇస్త్రీ చేసి పంపింది. దారంతా మైకు అక్క నవ్వుతూనే ఉంది.

వద్దన్నవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. ఎందుకు దాచడం? నాకు భయం. మత్తిస్తారు, కోస్తారు, ఏమన్నా అయితే? పక్క కుర్చీ ఖాళీ అయితే నేనేం చెయ్యను? అది చెప్పకుండా పెద్దమనిషిలా, "బానే ఉన్నావు కదమ్మా, ఎందుకీ కోతలు" అనేవాణ్ణి. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చింది. మీ నానమ్మ వడ్డిస్తూ, తనకి మనసులో ఉన్నది నోట్లో ఆగదు కదా, "గొంతంటే నలుగురూ వింటారు, అర్థముంది. రెండోది ఎవరు చూడొచ్చారమ్మా?" అంది. నాకు పొలమారింది. మైకు అక్క మాత్రం ముద్ద కలుపుతూనే ఉంది. "నేను చూసుకుంటాను వదినా" అంది. "ఊహ తెలిసిన దగ్గర్నుంచి స్నానం చేసేటప్పుడు కిందికి చూడను. కుళాయి వంక చూస్తూ పోసుకుంటాను. మా ఇంటి కుళాయికి మొత్తం పదకొండు గీతలు, ఒక చిల్లు, రెండు తుప్పు మచ్చలు. కళ్ళు మూసుకుని బొమ్మ గీస్తాను కావాలంటే. గొంతు వినేది మీరందరూ. నాకు నా గొంతంటే ఇష్టమే, సార్ అన్నవాళ్ళే చెవులకి చేయించుకోవాలి ఆపరేషను. రెండోది ఎవరికీ కనబడదు, ఎవరికీ అక్కర్లేదు. నా ఒక్కదానికే కావాలి. అందుకే భయమేస్తోంది. ఇలా నా ఒక్కదానికోసం ఎప్పుడూ ఏదీ చేసుకోలేదు." మీ నానమ్మ ఇంకో గరిటె వడ్డించింది. నేను కంచంలోకి చూస్తూ కూచున్నాను. అంతకాలం ఆవిడ పక్కన కూచుని, ఒక్కసారి కూడా ఏం కావాలని అడగలేదే అనిపించింది.

మర్నాడు తొమ్మిదింటికి కిటికీ దగ్గర మళ్ళీ క్యూ. ఒకడు పంటి ఆపరేషను గురించి చెప్దామని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆవిడ మైకు నొక్కింది. ఈసారి కావాలనే. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ కిటికీ యందు బస్సుల వివరములు మాత్రమే తెలుపబడును. నా ఒంటి వివరములు తెలుపబడవు. సలహాలు స్వీకరింపబడవు. కుట్లు చూడబడవు. గొంతు మార్చబడదు. మిగతాది నా ఇష్టము. తొమ్మిదీ అయిదు బస్సు రెండవ ప్లాట్‌ఫారము నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." నోరు తెరుచుకున్నవాడు మూసుకుని వెళ్ళి ఆ బస్సెక్కాడు, వాడు వెళ్ళాల్సింది అటు కాదు కూడానూ. తర్వాత సెలవు చీటీ రాసింది, రెండు నెలలకి. కారణం దగ్గర మనం అందరం రాసేదే రాసింది, "సొంత పని" అని. మేనేజరు కళ్ళజోడు సర్దుకుని, "ఏం సొంత పనమ్మా, వివరంగా రాయాలి" అన్నాడు. "ఇంతకంటే సొంత పని ఇంకోటుంటుందా సార్" అంది. ఆయన చెవుల దాకా ఎర్రబడి సంతకం పెట్టాడు.

ఆసుపత్రికి తోడు నేనే వెళ్ళాను. ఆపరేషను బానే అయింది. మత్తు దిగేటప్పుడు మాత్రం చిన్న గందరగోళం, వార్డులో పడుకుని ఉన్న పళాన బస్సులన్నీ చెప్పడం మొదలెట్టింది, ఆ గొంతుతోనే. పక్క మంచం పేషెంటు సెలైను గొట్టంతో సహా లేచి సంచీ సర్దుకున్నాడు. నర్సులు వాణ్ణి పడుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నొప్పి మాత్రం చాలా పడింది పాపం, అది నవ్వులాట కాదు. వారం రోజులు పళ్ళు బిగించి ఉంది. నేను లోపల్లోపల, వద్దన్నాను కదా, వద్దన్నాను కదా, అనుకుంటూనే ఉన్నాను.

ఎనిమిదో రోజు, పొద్దున పదకొండూ నలభైకి, కట్లు విప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. ఆవిడ నన్ను పిలిచి, "అన్నయ్యా, ఒక అద్దం కావాలి" అంది. అద్దమంటే ఆ వార్డులో ఒక్కటే, చేతులు కడుక్కునే చోట గోడకి బిగించి ఉంది. నేను కంగారుగా అటూ ఇటూ తిరుగుతుంటే సడన్ బ్రేకు ఎదురొచ్చాడు. ఆ సిటీ రూటు వాడిదే, బస్సు ఆసుపత్రి గేటు బయట నిలిపి పలకరించడానికొచ్చాడు. సంగతి విని, "ఆగు" అని పరిగెత్తాడు. అయిదు నిమిషాల్లో బస్సు పక్కద్దం ఊడదీసుకుని, తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు. ఇంతుంది, పళ్ళెమంత. బయట ప్రయాణికులు ఒకటే అరుపులు. నర్సు అద్దం లోపలిచ్చి తెర లాగింది. మేమిద్దరం తెర బయట, గోడకి మొహం పెట్టి నిలబడ్డాం. చప్పుడు లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఏడుస్తుందేమో, ఇంత పడింది, దీనికోసమా అంటుందేమో, నేనేం చెప్పాలి? నా కంగారు చూసి వాడికీ కంగారెత్తింది. ఉన్నట్టుండి గోడ వైపే చూస్తూ గట్టిగా అరిచాడు వెధవ, "అక్కా! భయపడకు! ఆ అద్దంలో అన్నీ దూరంగా కనబడతాయి, నిజానికి దగ్గర్లోనే ఉంటాయి!"

లోపల్నుంచి నవ్వు. ముందు నవ్వే. కుట్లు లాగుతున్నాయేమో, అమ్మా అంటూ, మళ్ళీ నవ్వు. తర్వాత ఆ గొంతు... వార్డు మొత్తానికి వినబడే ఆ గొంతే, ఎంత చిన్నగా అందో. "దగ్గరే ఉందిరా" అంది. "చాలా దగ్గరగా ఉంది."

...

ఊఁ? ఏం లేదు, ఏం లేదు. నువ్వేదో టీ పెడతానన్నావు కదా, పెట్టు మరి. పంచదార నేను వేసుకుంటాలే.