ఎవరిస్ట్ డేగకు వంగిన తల

న్యూ ఆర్లీన్స్ సెవెన్త్ వార్డ్ పేటలో, అరుగు మీద అందరూ కార్నివాల్ పండుగకు దండుగా ఊరేగే ఈకల వేషాలకు పూసలు కుడుతున్నారు. లోపల సోమవారం ఆనవాయితీగా వండే ఎర్ర చిక్కుళ్లు ఉడికేలోగా దండు నాయకుడు చీఫ్ థాడియస్ ఈ ఏటి వేగులవాణ్ణి ఎంచాలి. దండుకు ముందు నడిచి వీధిలో ఎదురయ్యే పోటీ దండును పసిగట్టేవాడు వేగులవాడు. పన్నెండేళ్లుగా ఆ స్థానం కోసం ఆశపడుతున్న ఎవరిస్ట్, సూదిని పక్కన పెట్టి నోటిని పనిలోకి దించాడు.

“చీఫ్, నేను ధీరుణ్ణని అనను. నిరుడు మలుపులో పోటీ దండు పచ్చ ఈక ఒక్కటి కనబడగానే నా మోకాళ్లు ఇంటిదారి పట్టాయి. కిరీటం బరువుకు ఒళ్లు మాత్రం ముందుకే పోయింది.”

“అంత పెద్ద కిరీటమా?” అన్నాడు పొరుగింటి సిల్వెస్టర్.

“దాని ఈకలు లెక్కపెడుతూ ఇద్దరు ముసలాళ్లయ్యారు! ఇంతలో గాలొచ్చిందా, రెండు కాళ్లూ లేచాయి, ఇళ్ల కప్పుల మీదుగా పోతున్నా, కింద మన కంజిరలు మోగుతుంటే తాళం తప్పకూడదని మిసిసిప్పి నది కాసేపు వెనక్కి నడిచింది, పైనుంచి చూద్దును కదా, పచ్చదండు నలభైమంది!”

పోయిన వారం చెప్పినప్పుడు వాళ్లు పదకొండుమందే. ఆ సంగతి ఎవరిస్ట్‌కూ గుర్తుంది; నోటికే లేదు.

“సరిగ్గా వాళ్ల చీఫ్ ముందు దిగాను. భయంతో నా పళ్లు టకటకలాడుతుంటే అదే మన పాటనుకున్నాడు పాపం. అప్పుడేం చేశాడో చెప్పుకోండి! నలభై ఏళ్లుగా ఎవరికీ వంగని తల, మన వీధుల్లో ఏ చీఫూ ఏ చీఫుకూ వంచని తల, నా ముందు వంచాడు!”

సూదులన్నీ ఆగాయి. థాడియస్ కళ్లద్దాలు తీశాడు.

“వంచాడు. నేనూ చూశాను,” అంది గుమ్మంలోంచి ఎవరిస్ట్ అక్క ఓడీల్, గరిటెతో. ఎవరిస్ట్ ఛాతీ పొంగింది.

“మెడ కూడా మెలితిప్పాడు. ఏడాదంతా ఒళ్లో పెట్టుకుని కుట్టిన పూసల డేగ బొమ్మను నడుముకు తలకిందులుగా కట్టుకొచ్చావు కదరా! అదేం పక్షో తెలియక వంగాడా పెద్దమనిషి. ‘గబ్బిలమా, బాబూ?’ అని అడిగాడు కూడా.”

అరుగు నవ్వులతో అదిరింది.

“నేను వంగి చూసుకున్నప్పుడల్లా నిటారుగానే ఉండేదక్కా!” అంటూ చివరికి ఎవరిస్ట్ కూడా నవ్వేశాడు.

“ఊరంతటినీ కనిపెట్టాల్సినవాడివి, నీ బొడ్డు కింది డేగనే కనిపెట్టలేకపోయావు. ఈ ఏడు వేగు సిల్వెస్టర్. నువ్వు కుట్టు,” అని థాడియస్ సూది అందించాడు.

ఎవరిస్ట్ ఒళ్లో ఈ ఏటి వేషానికి సగం కుట్టిన పూసల మొసలి ఉంది. దాన్ని కాసేపు చూసి, ఎవరూ గమనించడంలేదనుకుని, మెల్లగా తలకిందులుగా తిప్పుకున్నాడు.