రోలరు బాబాయి తొక్కిన పొర

టీ పాక గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు రోలరు బాబాయి. బయట టిప్పర్లు నిండా మట్టితో నిలబడి ఉన్నాయి. పొద్దున కొత్త చెరువు కట్ట నడుమ తను రోలరుతో తొక్కిన బంకమట్టి పొరలో తడి ఎంతుందో ల్యాబులో చూస్తున్నారు. ఆ కబురు వచ్చేలోపే పైన ఇంకో పొర పోసేద్దామని, టీకి దిగిన డ్రైవర్ల తొందర. చచ్చినా పోయనివ్వనని బాబాయి పంతం. అందుకే కోతలు మొదలెట్టాడు.

"మీరింకా పుట్టలేదు లెండి. ఓ కట్ట మీద నేను తొక్కిన పొరలో గునపం దిగలేదు. దిగకపోతే పోయె, వంకర తిరిగింది. మేస్త్రీ దాన్ని గొడుగు కర్ర చేసుకున్నాడు."

"గునపంతో గొడుగా!" అన్నాడు పొట్టి డ్రైవరు లేవబోతూ.

"కూర్చోరా, అసలు సంగతి వినకుండా ఎక్కడికి? ఎలుకలొచ్చాయి, కన్నం పెడదామని. పెట్టాయా? పళ్ళు రాలి బోసినోళ్ళతో పోయాయి. నీళ్ళొచ్చాయి, ఊరుదామని చూశాయి, ఎక్కడా సందు దొరక్క కట్ట పొడుగునా తిరిగి తిరిగి, అలిసిపోయి అక్కడే పడుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేనింకా తొక్కుతూనే ఉన్నా! ఇక్కడ నేల అణిగి అణిగి పక్క ఊళ్ళో పైకి లేచింది. మా అత్తగారి బావి అడుగు గట్టు దాకా వచ్చేసింది. ఆవిడ చేద పక్కన పడేసి చెంబుతో ముంచుకుంటోంది."

"మరి అత్తగారేమన్నారు?"

"బంగారంలాంటి బావి పాడుచేశావు అల్లుడూ అని నా మీద లేచింది. ఏం చేస్తాను, రోలరు రివర్సులో తోలి మళ్ళీ లోతు చేసిచ్చా!"

పాకంతా గొల్లుమంది. పొట్టివాడు మాత్రం నవ్వలేదు.

"అంత మొనగాడివి, పొద్దున నువ్వు తొక్కిన పొర మీద మట్టి పొయ్యనివ్వవేం బాబాయ్?"

బాబాయికి సిగ్గేసింది. అయినా గుమ్మంలోంచి కదల్లేదు.

"తోలుతుంటే కింద మట్టి పరుపులా ఊగిందిరా. మీరొక్క ట్రిప్పు పోస్తే ఇంక మనకెవరికీ కనపడదు. నీళ్ళకి కనపడుతుంది."

అంతలో ల్యాబు అమ్మాయి పరుగున వచ్చింది. "మామయ్యా, తడి ఎక్కువుంది. ఆ పొర తీసెయ్యాలి. పైన ఏమీ పొయ్యలేదు కదా?"

"లేదమ్మా," అన్నాడు బాబాయి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని.

పొట్టివాడు తల గోక్కున్నాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఇన్ని కోతలెందుకు?"

"పొద్దున నిజమే చెప్పాను. ఒక్కడైనా కూర్చున్నాడా?"