చిలుకల జంపఖానా

వీరయ్య నోరు తెరిస్తే గోపమ్మ హోటల్లో చాయ్ అమ్మకం పెరుగుతుంది. అందుకే ఆత్మకూర్ బస్టాపు పక్కన ఉన్న ఆ రేకుల హోటల్లో ఆయన కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. ఊళ్లో మొదట టెంట్ హౌస్ పెట్టింది ఆయనే. పెళ్లయినా, దినాలైనా, పార్టీ మీటింగయినా వీరయ్య శామియానా, వీరయ్య కుర్చీలు, కింద వీరయ్య జంపఖానాలు. ఈ మధ్య తుంగతుర్తి నుంచి నవీన్ అనే కుర్రాడు వచ్చి ఎర్ర ప్లాస్టిక్ మ్యాట్లు, తెల్ల సోఫాలు, పొగ కక్కే మిషనుతో ఇంకో టెంట్ హౌస్ తెరిచాడు. అప్పటి నుంచి వీరయ్య జంపఖానాలు మడత విప్పే పని పడలేదు.

ఆ సాయంత్రం ఆయనకు ఎదురుగా శాంతమ్మ కూర్చుంది. ఆదివారం ఆమె మనుమడి ధోతి ఫంక్షన్. శాంతమ్మ ఎవరి టెంటు వేయిస్తే వాడకట్టంతా వాళ్ల టెంటే వేయిస్తుంది. ఆమె ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు. ఈ బుకింగ్ కూడా నవీన్‌కు పోతే వీరయ్య దుకాణం మూసుకోవలసిందే. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఆయన సామాను మోసే ట్రాలీ ఆటో బీక్యాకు ఇంకా బాగా తెలుసు. ఇంకొకరైతే నాలుగు మంచి మాటలు చెప్పి బేరం కుదుర్చుకునేవాళ్లు. వీరయ్య సాసర్లో చాయ్ పోసుకుని మ్యూజియం సంగతి ఎత్తాడు.

“మొన్న సూర్యాపేటకు పోయిన శాంతక్కా. గాడ తివాచీల మ్యూజియం పెట్టిన్రు, ఎరికేనా? ఎనకట మగ్గాలు నడిసిన షెడ్డు ఉండె గద, గదే. సున్నం ఏసి, లైట్లు పెట్టి, టికెట్ పెట్టిన్రు. మనకు టికెట్ ఏందక్కా, మన పేరు చెప్తే గేటోడే లేసి నిలవడ్డడు.”

“టికెట్లు నేను కొన్న” అన్నాడు బీక్యా.

“నువ్వు తొందరపడి కొన్నవ్, ఎవరేం చేస్తరు? సరే, గుమ్మంల ఏం పరిచిన్రో తెలుసా అక్కా? ఎర్ర ప్లాస్టిక్ మ్యాట్! గా నవీన్ మ్యాటే! తివాచీల మ్యూజియానికి పోతే కాళ్ల కింద ప్లాస్టిక్. నాకు కడుపు మండిపోయింది. దాని మీద కాలు పెట్టకుండ ఎగిరి దుంకిన. ఇగ లోపల సూస్తే మగ్గాలు, దారం కండెలు, నూలు కొట్టే ఇనుప పంజాలు, రంగులు కాసిన కాగులు, అన్ని వరుసగ పెట్టి, ప్రతిదాని పక్కన ‘ముట్టుకోవద్దు’ అని చీటి. మా ఇంటామె గూడ నాకు ఇన్ని వద్దులు చెప్పదు. నడుమ హాల్ల గోడకు ఒక పాత జంపఖానా ఏలాడదీసిన్రు. ముందట అద్దం, మీద లైటు. నూరేండ్ల కిందిదంట. ఎర్ర నేల, నీలం అంచు, నడుమంత చిలుకలు. శైలజ అని గైడమ్మ, సదువుకున్న పిల్ల, మైకు పట్టుకొని చెప్తున్నది. జనమంత నోరు తెరుసుకొని ఇంటున్నరు. నేను ఒక్క సూపు సూసిన. ఏం కనవడ్డదో తెలుసా?”

“ఏం కనవడ్డది?” అంది గోపమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

“చిలుకల తలకాయలు కిందికున్నయ్, తోకలు మీదికున్నయ్! తలకిందులుగ ఏలాడదీసిన్రు. గబ్బిలాలా అవి? ‘అమ్మా, పాపం చిలుకల పానం పోతున్నది, జర తిప్పున్రి’ అన్న.”

“గిది మాత్రం నిజమే” అన్నాడు బీక్యా. “గా పిల్ల నవ్వి, ‘అవును అంకుల్, మా సార్‌కు చెప్త’ అన్నది.”

అక్కడితో ఆగి ఉంటే వీరయ్య మర్యాదగల మనిషిగా ఇంటికి పోయేవాడు. శాంతమ్మ కూడా మెచ్చుకున్నట్టే తలూపింది. కానీ ఆమె తలూపడం చూశాక ఆయనకు ఆగబుద్ధి కాలేదు.

“చెప్త అన్నదా? ఉరికింది! ఉరికి పెద్దసారును తోలుకొచ్చింది. సూటు, టై, చేతుల తాళాల గుత్తి. సారు అద్దంల చిలుకల్ని సూసిండు, నన్ను సూసిండు. ‘ఢిల్లీ నుంచి, బొంబాయి నుంచి ఎంతమంది పెద్దోళ్లు వచ్చి పోయిన్రు, ఇన్నేండ్లల్ల ఒక్కనికి కనవడలే. మీరెవరు స్వామీ?’ అన్నడు.”

“మ్యూజియం తెరిచి నెల గూడ కాలే గద తమ్మీ” అంది శాంతమ్మ.

“నెలంటే మనకు అక్కా. తలకిందులుగ ఉన్న చిలుకలకు ఎంత కాలమో నువ్వు ఒకసారి ఏలాడి సూడు. సరే, అద్దం తీపిచ్చిన, జంపఖానా తిప్పిచ్చిన. తిప్పంగనే ఏమైందో తెలుసా? చిలుకలన్ని ఒక్కపారి ఊపిరి పీల్సుకున్నయ్.”

“వినవడ్డదా?” అంది శాంతమ్మ.

“హాలంత వినవడ్డది. ఒకటైతే దగ్గింది గూడ.”

గోపమ్మ గరిటె పక్కన పెట్టి నవ్వింది. బీక్యా ఏదో అనబోయి ఆగిపోయాడు. ఈ బుకింగ్ పోతే అతని ఆటోకూ పని ఉండదు.

“ఇగ సూస్తే ఒక చిలుకకు ముక్కు లేదు. ఎలుక కొరికింది. సారు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ‘వీరయ్యగారు, ఇప్పుడు గిసొంటి నేత నేసేటోళ్లు దొరుకుత లేరు, ముక్కు లేకుండనే ఉంచినం’ అన్నడు. నాకు పానం ఊకోలే. పక్కనే మగ్గం. దాని మీద ‘ముట్టుకోవద్దు’ చీటి. నేను ఆ చీటి తీసి, మంచిగ మడతపెట్టి, సారు జేబుల పెట్టిన. పెట్టి, మగ్గం ముందట కూసున్న. ‘మీకు నేసుడు వస్తదా?’ అన్నడు. ‘పుట్టి పెరిగిన కాడికెల్లి జంపఖానాలు పరుసుడు, దులుపుడు, మడతపెట్టుడు ఇదే పని. నాకు నేసుడు రాదా?’ అన్న.”

“నేను రోజూ బస్సెక్కి సూర్యాపేటకు పోత, నాకు బస్సు తోలుడు వస్తదా?” అంది గోపమ్మ.

“నువ్వు మనసు పెడ్తలేవు వదినా. సరే, ఒక్క ముక్కు నేసి లేద్దామని మొదలువెట్టిన. చెయ్యి ఆగలే. ముక్కు అయింది, దానికి చిలుక అయింది, చిలుకకు జత అయింది, జతకు పిల్లలైనయ్, పిల్లలు కూసునుటానికి జామచెట్టు అయింది. జంపఖానా హాలు దాటింది, గుమ్మం దాటింది, నవీన్ మ్యాటును తొక్కుకుంట రోడ్డు మీదికి వచ్చింది. ‘స్వామీ ఆపున్రి’ అని సారు మొత్తుకుంటడు. నేను ఆపిన, మగ్గం ఆగలే! హైవే ఎక్కి కోదాడ దిక్కు నడిసింది.”

“అంత నూలు ఎక్కడిది?” శాంతమ్మ అడిగింది.

“గదే చెప్తున్న! మ్యూజియం నూలు ఖతమైంది. సారు టై ఇప్పి ఇచ్చిండు. టైల ఎంతుంటది, ఒక రెక్కకు గూడ రాలే. అప్పుడు యాదికొచ్చింది. ఎలక్షన్ల మిగిలిన కండువలు నా గోదాముల మూటలు మూటలు ఉన్నయ్, అన్ని పార్టీలయి. తెప్పిచ్చి పోగులు ఊడదీపిచ్చిన. ఒక్క ముచ్చట చెప్త ఇను అక్కా, మీద రంగులే ఏరు, లోపల అందరిది ఒక్కటే నూలు. ఒకే మిల్లుల పుట్టినయ్. ఇగ చిలుకల మెడకు నల్లపట్టె కావాలె. దారం దామరచర్లకు పంపిన, గాడ కరెంటు ప్లాంటు పొగగొట్టం మీద ఒక పూట ఆరేసి తెచ్చిన్రు. గంజి పెట్టాలంటే మిర్యాలగూడ రైస్‌మిల్లులన్ని ఒక్కనాడు బియ్యం ఆడిచ్చుడు బంద్ చేసి అన్నం వండినయ్.”

“హైవే మీద లారీలు ఊకున్నయా?” ఇంకెవరో అడిగారు.

“ఎక్కడియి అక్కడ ఆగినయ్. డ్రైవర్లు ఏం చేసిన్రో తెలుసా? చెప్పులు ఇడిసి కిందికి దిగిన్రు. జంపఖానా మీద చెప్పులతోటి ఎవడు నడుస్తడు? ఒకాయనైతే లారీ టైర్లు గూడ ఇప్పుత అన్నడు. నేనే వద్దన్న. కడిగితే సాలు అన్న. టోల్‌గేట్ల జంపఖానాను ఆపిన్రు. ‘ఎన్ని చక్రాలు?’ అన్నరు. ‘చక్రాలు లెవ్వు’ అన్న. వాళ్ల కంప్యూటర్ల గసొంటి బండి లేదు, పోనిచ్చిన్రు. నేను తలకాయ ఎత్తకుండ నేస్తనే ఉన్న. ‘ఏవండీ, కొంచెం ఇటు జరిపి నెయ్యరా, మా షాపుకి అడ్డమొస్తంది’ అని మర్యాదగ ఎవరో అన్నరు. అప్పుడు తలకాయ ఎత్తి సూస్తే కోదాడ!”

“మరి ఎగిరిందా అన్నా?” అని బీక్యా ఉండబట్టలేక అడిగాడు.

వీరయ్యకు కోపం వచ్చింది. “ఎగురుడేందిరా? జంపఖానా యాడనన్న ఎగురుతదా? గవన్ని సినిమాలల్ల. జరిగింది జరిగినట్టు చెప్పాలె గని, నోటికొచ్చింది చెప్తమా?”

అందరం బుద్ధిగా తలలూపాం.

“ఇగ చుట్టుడు మొదలువెట్టినం. కోదాడకెల్లి చుట్టుకుంట సూర్యాపేటకు వచ్చేవరకు చుట్ట రెండంతస్తుల ఇల్లంత అయింది. సూస్తే మ్యూజియం వాచ్‌మన్ దావీదు లేడు. దవాఖానల లేడు, ఇంట్ల లేడు. అందరు పరేషాన్. తర్వాత ఆ చుట్టను మిర్యాలగూడల ఒక పెండ్లికి తీస్కపోయి పరుస్తే, లోపలికెల్లి దావీదు దొర్లుకుంట బయటవడ్డడు! చుట్టెటప్పుడు దాంట్ల చుట్టుకపోయిండు. లేసి బట్టలు దులుపుకొని ఏమన్నడో తెలుసా? ‘భోజనాల బంతి లేసిందా, ఇంకేమన్న మిగిలిందా?’ అన్నడు!”

ఈసారి శాంతమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వీరయ్య కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాడని మాకు అర్థమైంది.

“ఆఖరికి సారు నా రెండు చేతులు పట్టుకున్నడు. ‘మీ నేత ముందట మా పాతది దిగదుడుపు. మీదాంట్లకెల్లి ఒక ముక్క అద్దంల పెట్టుకుంటం, మా నూరేండ్లది మీరే తీస్కపోన్రి’ అన్నడు. ఇప్పుడు మ్యూజియంల ఉన్నది నాది అక్కా. అసలు చిలుకల జంపఖానా నా గోదాముల ఉన్నది. ఇప్పటిదాంక ఎవ్వరికి ఇయ్యలే, అడిగినోళ్లను ఎల్లగొట్టిన. ఆదివారం నీ వాకిట్ల, నీ మనుమని కోసం పరుస్త. నవీన్ కాడ ఏమున్నది? ప్లాస్టిక్!”

శాంతమ్మ గ్లాసు కింద పెట్టింది. “మ్యూజియంల దాన్ని ఎవ్వరన్న తొక్కుతరా తమ్మీ?”

“అమ్మో, తొక్కుడా! గట్టిగ ఊపిరి గూడ ఇడువనియ్యరు.”

“ముట్టుకోనిస్తరా?”

“ఏలు పెడితే గంట కొడ్తది.”

“మరి ఆదివారం మా ఇంటికి వాడకట్టంత వస్తది. పిల్లలు ఉరుకుతరు, ముసలోళ్లు వక్కాకు నమిలి ఉమ్ముతరు, మటన్ సూరువ పోస్తరు. అంత గొప్పది మా ఇంట్ల పాడైతే రేపు నిన్నూ నన్నూ పట్టుకపోతరు. నాకెందుకు ఆ పాపం? నవీన్ ప్లాస్టిక్ అయితే నీళ్లు కొట్టి కడుక్కుంటడు.” ఆమె లేచి నిలబడింది.

వీరయ్య ముఖం పాలిపోయింది. అప్పటి వరకు నవ్వుతున్న మాకు కూడా పాపమనిపించింది.

“ఆగు అక్కా! మ్యూజియందని ఎవరన్నరు?”

“నువ్వే గద.”

“ముచ్చటకు అన్న! అది మన పాతదే. నీ బిడ్డ పెండ్లిల కూసున్నవ్ సూడు, గదే. దాన్ని పాడుచేసుడు ఎవరితోని కాదు. సాంబారు పోసిన్రు, సప్పుడు చెయ్యలే. కాల్వల పడ్డ బర్రెను దాంట్ల చుట్టి మీదికి గుంజినం, బర్రె బతికింది, జంపఖానా బతికింది. దీపావళి రాకెట్ పడి బొక్క పడ్డది. ఆ బొక్కల ఎలుకలు కాపురం పెట్టినయ్, ఇప్పుడు వాటికి మనుమలు, మనుమరాండ్లు. ఒక్కసారి దులిపితే ఎకరం మడికి సాలేంత మన్ను రాలుతది. కుక్క గూడ దాని మీద పండదక్కా! మీ చుట్టాలు నిశ్చింతగ తొక్కొచ్చు!”

శాంతమ్మ ఆయన వైపు తిరిగింది. “కుక్క గూడ పండని దాని మీద నా వియ్యంకులను కూసోబెట్టుమంటవా వీరయ్యా?”

హోటలంతా గొల్లున నవ్వింది. వీరయ్య ఖాళీ సాసరెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. బీక్యా తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు.

శాంతమ్మ రెండడుగులు వేసి, బీక్యాను చూసి ఆగింది. “మ్యాట్లు, కుర్చీలు నవీన్‌కు చెప్తున్న. వంటసామాను మొత్తం నీదే వీరయ్యా. బీక్యాతోని పొద్దున్నే పంపు. ఒక్కటే షరతు. గిన్నెల గురించి నాకు ఏ ముచ్చట చెప్పకు. చెప్తే అవి గూడ నవీన్‌వే.”

“గట్లనే అక్కా, గట్లనే” అన్నాడు వీరయ్య. ప్రాణం లేచొచ్చినట్టు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఒక్క క్షణం నిజంగానే మాట మీద నిలబడ్డాడు.

“కాకపోతే అక్కా, ఆ పెద్ద గుండిగ ఉన్నది సూడు, అది మామూలు గుండిగ అనుకునేవు...”

బీక్యా బెంచీ మీద నుంచి ఒక్క దూకు దూకి ఆయన నోరు మూశాడు.